తొడ చరిస్తే వెనుదిరిగిన రైలు

2003లో బి. గోపాల్ దర్శకత్వంలో 'పలనాటి బ్రహ్మనాయుడు' అనే చిత్రం వచ్చింది. అందులో కథానాయకుడు బాలకృష్ణ తొడ చరిస్తాడు. ఎదురుగా ఉన్న రైలు జంకి వెనక్కు మళ్ళుతుంది. చిత్రం విజయవంతం కాలేదు గానీ ఆ ఒక్క దృశ్యం మాత్రం అమరత్వం పొందింది. తెలుగు సినిమాను వెక్కిరించదలచిన ప్రతివాడూ, తెలుగు రానివాడు సైతం, ఇప్పటికీ మొదట చూపేది దానినే.

మాది వినుకొండ. గుంటూరు నుంచి నంద్యాల మీదుగా గుంతకల్లు వెళ్ళే రైలుమార్గంలో ఉంటుంది. పల్నాటి వీరుడి పేరు పెట్టుకున్న సినిమాలో రైలు వెనక్కు నడిస్తే, ఆ సీమవాడినైన నేను ఎవరి వైపు నిలబడాలి? బయట నలుగురిలో ఉన్నప్పుడు నవ్వేవారితో కలిసి నవ్వుతాను. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మళ్ళీ పెట్టుకుని చూస్తాను. అలమరలో విశ్వనాథ, శ్రీపాద, చలం కొలువుతీరి ఉండగా, వారి కంటబడకుండా కత్తియుద్ధాలూ కుంగ్‌ఫూ చిత్రాలూ చూసే జాతి ఒకటుంది. ఇది చదువుతున్న మిత్రులలోనూ ఆ జాతివారు కొందరైనా ఉంటారని నా నమ్మకం. ఈ రుచికి ఒక చరిత్ర ఉన్నదనీ, అది మనం సిగ్గుపడేటంత కొత్తదీ కాదు, అరువు తెచ్చుకున్నదీ కాదనీ చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

సినిమా వ్యాపారంలో ఊళ్ళను ఎ, బి, సి సెంటర్లుగా విభజించే అలవాటు మనకు తెలిసినదే. 'ఇది సి సెంటర్ సినిమా' అంటే అర్థం వేరే చెప్పనక్కరలేదు: నాలుగు ఫైట్లు, నేల టికెట్టు, ఈలలు. వినుకొండవంటి ఊళ్ళను ఆ మూడో అక్షరంలో పడవేసి మన అభిరుచిని ఒక్క ముక్కలో తేల్చేశారు. అయితే ఆ అక్షరం పుట్టడానికి కొన్ని శతాబ్దాల ముందే ఈ నేల మీద జనం రాత్రంతా మేలుకుని అతిశయమైన యుద్ధాలను విన్నారు. (అన్నట్టు, సీతాపహరణ వార్తను శ్రీరాముడు విన్న కొండ కాబట్టి వినుకొండ అయిందని స్థలపురాణం. ముసలి పక్షి ఒకటి దశకంఠుడితో ఆకాశంలో కలియబడిన వార్త అది. అంటే మా ఊరి పేరులోనే ఒక ఫైటు ఉంది.)

పాత లెక్క ప్రకారం పల్నాడంటే మాచర్ల, గురజాల ప్రాంతమే. వినుకొండ దాని అంచున ఉండేది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడిన తరువాత అధికారికంగా మేమూ పల్నాటివారమయ్యాము. మాకు ఉత్తరంగా, నాగులేటి ఒడ్డున కారంపూడి ఉంది. పన్నెండో శతాబ్దపు చివరి పాదంలో గురజాల నలగామరాజుకూ, మాచర్ల మలిదేవాదులకూ జరిగిన యుద్ధానికి అదే రణభూమి. కోడిపందెం, ఓడినవారికి వనవాసం, నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడి చాపకూడు... ఇవన్నీ అందరికీ తెలిసిన కథలే. ఇప్పటికీ ప్రతి ఏడూ కార్తిక మాసంలో అక్కడ వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. వీరుల ఆయుధాలకు కొణతాలని పేరు. వాటిని ఊళ్ళ నుంచి మోసుకువచ్చి నాగులేట స్నానం చేయిస్తారు. గుడిలో అరవై ఆరుగురు వీరనాయకులకు పూజ. వీరవిద్యావంతులు కత్తి చేతబట్టి ఆడుతూ పాడుతూ కథ నడిపిస్తారు.

శ్రీనాథుడి పేర ప్రసిద్ధమైన ద్విపద 'పల్నాటి వీరచరిత్ర'ను అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో పరిష్కరించి ప్రకటించారు. అది పండితుల వైపు కథ. పాడేవారి వైపు కథను అమెరికా పండితుడు జీన్ రోఘైర్, అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడగా సేకరించి, ఆంగ్లానువాదంతో 1982లో పుస్తకంగా తెచ్చారు. రెండింటిలోనూ అతిశయానికి కొదువ లేదు. కన్నమదాసు చేతిలో భైరవఖడ్గం, బ్రహ్మనాయుడి చేతిలో నృసింహకుంతం. ఆ ఆయుధాలకే ఒక్కొక్క పేరూ, ఒక్కొక్క మహిమా. బాలచంద్రుడు మీసమైనా సరిగా రాని వయసులో, పెళ్ళాం మాంచాల చేత వీరతిలకం దిద్దించుకుని, వేలమంది మీదికి పోతాడు. కడుపు చీలి ప్రేగులు బయటపడినా పోరు మానలేదని చెప్పుకుంటారు. ఆ ఘట్టం వినే వేళ శరీరధర్మశాస్త్రం ప్రకారం అది సాధ్యమా అని అడిగినవాడిని నేనింతవరకూ చూడలేదు.

ఇక్కడ ఒకసారి సముద్రం దాటి వెళ్ళవలసి ఉంది. 1972లో హాంకాంగ్‌లోని షా బ్రదర్స్ సంస్థ 'బాక్సర్ ఫ్రమ్ షాంటుంగ్' అనే చిత్రం తీసింది. దర్శకులలో ఒకడు చాంగ్ చెహ్. అంతకు అయిదేళ్ళ ముందు 'వన్ ఆర్మ్‌డ్ స్వోర్డ్స్‌మన్' తీసి, చేయి తెగిన వీరుణ్ణి అక్కడి జనానికి ఆరాధ్యదైవం చేసినవాడు. ఈ చిత్రం చివర కథానాయకుడు కడుపులో గొడ్డలి దిగబడి ఉండగానే పదులమందితో చాలాసేపు పోరాడి, అందరినీ పడగొట్టి, అప్పుడు గానీ పడిపోడు. మొదటిసారి అది చూసినప్పుడు నాకు విడ్డూరం అనిపించలేదు. ఎవరో మనవాడే అనిపించింది. బాలచంద్రుడి పేరు చాంగ్ చెహ్ విని ఉండే అవకాశం లేదు. అయినా ఇద్దరు వీరులూ ఒకే తీరున పోతారు. పొలాల్లో చెమటోడ్చి పనిచేసే జనం ఎక్కడున్నా, దేహం ఓర్వగలిగినదానికి మించి ఓర్చే మనిషిని ఊహించుకుంటారు కాబోలు.

పోలిక అంతటితో ఆగదు. హాంకాంగ్ పోరాట చిత్రాలకు పుట్టిల్లు చైనా సంగీత నాటకరంగం. జాకీ చాన్ చిన్ననాడే యు జిమ్-యుయెన్ అనే గురువు నడిపిన నాటక పాఠశాలలో చేరి, పదేళ్ళపాటు దెబ్బలు తింటూ పల్టీలూ, కత్తిసామూ, పాటా అభ్యసించాడు. అక్కడి పోరాటం నాట్యంలా కనిపించడానికి మూలం ఈ శిక్షణే. మనకూ అటువంటి పుట్టిల్లు ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి నాటక కుటుంబాలు రంగస్థలం మీద మనుషులను గాలిలోకి లేపాయి. అటూ ఇటూ బయలుదేరిన బాణాలను నడుమ ఢీకొట్టించి నిప్పు రాల్చాయి. అంతకు ముందునుంచీ తోలుబొమ్మలాట ఉండనే ఉంది. మా పక్కనున్న నరసరావుపేట కూడా ఆ బొమ్మల తయారీకి పేరున్న చోటే. తెర వెనుక దీపం వెలుగులో ఒక బొమ్మ ఇంకొక బొమ్మను తలమీద మోది, అది గిర్రున తిరిగి అవతల పడితే, పిల్లా పెద్దా కేరింతలు కొట్టేవారు. దెబ్బ తిన్నవాడు గాలిలో రెండు చుట్లు తిరగాలన్న నియమం సినిమావాళ్ళు కనిపెట్టినది కాదు. బొమ్మలాట వాళ్ళు వాళ్ళకు అప్పగించినది.

సినిమాలోకి ఈ సంపద వచ్చిన దారి మద్రాసు మీదుగా. 1948లో వాసన్ గారి 'చంద్రలేఖ'లో రంజన్, ఎం.కె. రాధాల కత్తియుద్ధం దేశమంతటా చెప్పుకున్నారు. పల్నాటి కథ మాత్రం తెర మీద బుద్ధిగానే నడిచింది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టగా, 1946లో ఆయన పోయిన తరువాత ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లో కన్నాంబ నాగమ్మ, అక్కినేని బాలచంద్రుడు. 1966లో గుత్తా రామినీడు తీసిన రెండో 'పల్నాటి యుద్ధం'లో ఎన్.టి. రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ, హరనాథ్ బాలచంద్రుడు. రెండూ గౌరవప్రదమైన చిత్రాలు. వాటిని చూసినందుకు ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. నిజం చెప్పాలంటే, వాటిని రెండోసారి చూడాలని నాకు అనిపించనూ లేదు.

మళ్ళీ మళ్ళీ చూసినవి విఠలాచార్య చిత్రాలు. ఉడిపిలో 1920లో పుట్టి, కన్నడ సీమ మీదుగా మద్రాసు చేరి, తెలుగువారికి జానపద బ్రహ్మ అయిన బి. విఠలాచార్యకు డబ్బు తక్కువ, ధైర్యం ఎక్కువ. 'బందిపోటు' (1963), 'అగ్గిపిడుగు' (1964), 'జ్వాలాద్వీప రహస్యం' (1965), 'చిక్కడు దొరకడు' (1967), 'గండికోట రహస్యం' (1969)... ఇలా ఏడాది తరువాత ఏడాది. కాల్షీట్లు ఇవ్వని నటుడి పాత్రను శాపం తగిలించి ఏ చిలుకగానో మేకగానో మార్చి షూటింగు కానిచ్చేవాడని ఆయన గురించి చెప్పుకునే కథ జగమెరిగినదే. 'అగ్గిపిడుగు'లో రామారావు కవలలు. ఒకడికి దెబ్బ తగిలితే రెండోవాడికి నొప్పి పుడుతుంది. ఈ కిటుకు 'కార్సికన్ బ్రదర్స్' నుంచి వచ్చినదే. కానీ దానిని మన నేల మీద నాటిన తీరు చూడండి: కొట్టేవాడు ఒకచోట, మూలిగేవాడు మరొకచోట. సగం ఫైటుతో రెండు ఫైట్ల పని జరిగిపోయింది.

ఆ చిత్రాల అసలు ప్రాణం కత్తి కాంతారావు. అప్పటి హైదరాబాదు రాజ్యంలో, కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో పుట్టిన మనిషి. ఆయన కత్తి పట్టుకునే పద్ధతిలో ఒక మర్యాద ఉంటుంది. ఎదుటివాడి కత్తి జారిపడితే ఆగి, దానిని కాలితో ఎగరవేసి తిరిగి వాడికే అందిస్తాడు. మెట్లమీద పోరు ఉంటుంది, దీపస్తంభం పడుతుంది, తెర చిరుగుతుంది, బల్లమీదికి ఎగరడం ఉంటుంది, చివరకు రాజనాల కళ్ళు పెద్దవవుతాయి. ఏ క్షణంలో ఏది జరుగుతుందో హాల్లో ప్రతివాడికీ తెలుసు. తెలుసు కాబట్టే సుఖం. హరికథలో పిట్టకథ ఎప్పుడొస్తుందో తెలిసి ఎదురుచూసే శ్రోత సుఖం అది. కెమెరా దూరంగా ఉండేది. మనుషులు తలనుంచి కాలిదాకా కనిపించేవారు. ముక్కలు ముక్కలుగా కత్తిరించి మోసగించే పద్ధతి అప్పటికింకా రాలేదు. మాయలు ఎన్ని ఉన్నా, కత్తి తిప్పే చేయి మాత్రం నిజంగా తిరగవలసిందే. 1966లో కింగ్ హు 'కమ్ డ్రింక్ విత్ మీ' తీస్తున్న కాలానికి, విఠలాచార్య 'అగ్గిబరాటా' తీస్తున్నాడు. మొదటిదానిని ఈరోజు ప్రపంచ సినిమా చరిత్రలో పాఠంగా చెబుతారు. రెండోదానిని మనమే చెప్పుకోము. కింగ్ హు గొప్ప శిల్పి, విఠలాచార్యను ఆయన సరసన కూర్చోబెట్టను. కాని ఇద్దరి ముందూ కూర్చున్న ప్రేక్షకుడు మాత్రం ఒక్కడే.

కరాటే వచ్చిన కాలం గురించి ఎక్కువ చెప్పను. బ్రూస్ లీ 1973 జూలైలో చనిపోయాడు. ఆ తరువాత వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్' ప్రపంచమంతటా చేసిన పనే ఇక్కడా చేసింది. ఊరూరా మేడమీద కరాటే తరగతులు, తెల్ల దుస్తులు, పగలని పెంకులు. 1980ల మొదట్లో సుమన్, భానుచందర్ ఆ విద్య నిజంగా నేర్చుకుని వచ్చి తెర మీద కాళ్ళు ఎత్తారు. 'తరంగిణి' (1982), 'మెరుపుదాడి' (1984) ఆ ఊపులోవే. 1996లో 'అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి'తో పవన్ కల్యాణ్ ఆ దారినే వచ్చాడు. దెబ్బ బాగుపడింది గానీ కత్తిలోని మర్యాద పోయింది. తరువాత సీమ కక్షల కథలు వచ్చి, వేటకొడవళ్ళూ సుమోలూ గాలిలోకి లేచాయి. రైలు వెనక్కు పోయింది ఆ రోజుల్లోనే.

మరి ఆ రైలుకూ బాలచంద్రుడికీ తేడా ఏమిటి? అతిశయం రెండింటిలోనూ ఉంది. పల్నాటి పాటలో ఎంత అతిశయం ఉందో అంత మూల్యమూ ఉంది. వేలమందిని చంపినవాడు చివరికి తానూ చస్తాడు. తిరునాళ్ళలో అయిదో రోజు కల్లిపాడు, అంటే వీరులు కూలడం. ఆ రోజు ఆవేశం వచ్చి నేలకొరిగేవారిని చూస్తే, విజయోత్సవం కాదిది, పెద్దకర్మ అని తెలుస్తుంది. బ్రహ్మనాయుడికి మిగిలింది గెలుపు కాదు, గుత్తికొండ బిలం. తొడ చరిచిన కథానాయకుడికి మాత్రం చొక్కా నలగదు. రాజమౌళి 'మగధీర'లో (2009) కాలభైరవుడు ఇరుకు వంతెన మీద నూరుగురిని నరికి, తానూ పోతాడు. అందుకే అది ఎంత అసంభవమైనా మనసులో నిలిచింది. ఆ వంతెన మీద నాకు కారంపూడి కనబడింది.

కథానాయకుడు మూల్యం చెల్లించని చోట దానిని మరొకరు చెల్లిస్తున్నారు. గాలిలో రెండు చుట్లు తిరిగి పడేవాడు తోలుబొమ్మ కాదు. 2016 నవంబరులో బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి జలాశయంలో ఒక కన్నడ చిత్రం పతాక సన్నివేశం కోసం హెలికాప్టరు నుంచి దూకిన ఇద్దరు నటులు మునిగి చనిపోయారు. వాళ్ళతో దూకిన కథానాయకుడు బతికాడు. 2025 జూలైలో తమిళనాట నాగపట్నం జిల్లాలో కారు పల్టీకొట్టే దృశ్యం తీస్తుండగా ఒక స్టంట్ కళాకారుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఈ రెండూ పత్రికలకెక్కాయి. విరిగిన చేతులూ, జారిన వెన్నుపూసలూ పత్రికలకెక్కవు. జాకీ చాన్ మీద నాకున్న గౌరవానికి కారణం ఇదే: చిత్రం పూర్తయ్యాక పేర్లు పడుతుండగా, గురి తప్పిన దూకుళ్ళూ, రక్తమూ, స్ట్రెచరూ ప్రేక్షకుడికి చూపించేవాడు. 1986 నాటి 'ఆర్మర్ ఆఫ్ గాడ్' కోసం యుగోస్లావియాలో చెట్టుమీంచి పడి తల పగిలిన ఉదంతం అలాగే అందరికీ తెలిసింది. నువ్వు ఈలవేసిన దానికి ఖరీదు ఇంత అని బిల్లు చేతిలో పెట్టడమే అది. మన చిత్రాలు ఆ బిల్లును చాలాకాలం జేబులోనే దాచుకున్నాయి.

భారత ప్రభుత్వం జాతీయ చలనచిత్ర పురస్కారాలు 1954 నుంచి ఇస్తున్నది. పాటకు, మాటకు, దుస్తులకు, వేషానికి క్రమంగా పురస్కారాలు వచ్చాయి. పోరాటాలు కూర్చేవారికి మాత్రం అరవై నాలుగోసారి గానీ రాలేదు. 2016 చిత్రాలకు 2017లో ప్రకటించిన ఆ మొదటి పురస్కారం, మలయాళ చిత్రం 'పులిమురుగన్'కు గాను పీటర్ హెయిన్ అందుకున్నారు. రామ్-లక్ష్మణ్ సోదరులతో పాటు 'మగధీర'కు పనిచేసినవారు ఆయనే. ఆస్కారు సంగతి ఇంకా ఆలస్యం. 2027లో విడుదలయ్యే చిత్రాలతో మొదలుపెట్టి స్టంట్ రూపకల్పనకు అవార్డు ఇస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ ప్రకటనతో పాటు వేసిన బొమ్మల్లో మన 'ఆర్.ఆర్.ఆర్.' దృశ్యం ఒకటి. నూరవ పుట్టినరోజు నాటికి గానీ వాళ్ళకు ఈ విద్య కనిపించలేదు.

ఇదంతా తలచుకున్నప్పుడు మా ఊరి కవే గుర్తుకొస్తాడు. గుర్రం జాషువ 1895లో వినుకొండలో పుట్టాడు. 1932లో ఆయన 'ఫిరదౌసి' కావ్యం వెలువడింది. రుస్తుం, సొహ్రాబుల యుద్ధాలతో వేల పద్యాల 'షానామా' రాసిన పారశీక కవికి, పద్యానికొక బంగారు నాణెం ఇస్తానన్న గజనీ సుల్తాను చివరకు వెండి పంపిన కథ. అంతటి కరుణరసాత్మక కావ్యాన్ని యుద్ధవర్ణనల పరంగా చూడటం కొంత అల్పంగా తోచవచ్చు. కాని మరోలా చూడటం నా చేత కాదు. యుద్ధాలను విని, మెచ్చి, తలలూపి, తీరా లెక్క చెల్లించే వేళకు వెండితో సరిపెట్టిన సభ అది. కాంతారావు నిర్మాతగా చేతులు కాల్చుకుని చివరి రోజుల్లో ఎంత ఇబ్బంది పడ్డాడో పత్రికలు రాశాయి. 2009 మార్చిలో ఆయన పోయినప్పుడు ఎందరో కత్తివీరుడని కొనియాడారు.

ఈమధ్య పాత జానపదాలు కంప్యూటరులో చూస్తున్నప్పుడు నాకొక కొత్త అలవాటు పట్టుకుంది. కథ మొదలుకాకముందే ఆపుతున్నాను. పేర్లు పడే చోట, నృత్యం తరువాతో, మేకప్ ముందో, కత్తిబొమ్మ పక్కన స్టంట్ మాస్టరు పేరు ఒకటి ఉంటుంది. దాని పక్కనే చిన్న అక్షరాలలో 'అండ్ పార్టీ' అని. మేడమీంచి పడినవాడూ, గుర్రం మీంచి దొర్లినవాడూ, కాంతారావు తన్నితే దీపస్తంభంతో సహా కూలినవాడూ అందరూ ఆ రెండు మాటలలోనే ఉన్నారు. బొమ్మను నిలిపి అక్కడ ఎంతసేపు చూసినా మరొక అక్షరం కనబడదు. మళ్ళీ నడిపిస్తే, గుర్రాలు వస్తాయి.